సరంగుకు పరీక్ష పెట్టేదెవరు?

తడ అనగానే మీలో చాలామందికి జలపాతం గుర్తొస్తుంది. ఆ ఉబ్బలమడుగు అసలు తడ మండలంలో లేదు, పక్కన వరదయ్యపాళెం వైపు కొండల్లో ఉంది. తడకు సొంతమైన నీళ్లు వేరే ఉన్నాయి. హైవే దిగి తూర్పుకు తిరిగితే భీములవారిపాళెం రేవు వస్తుంది. అక్కడ నిలబడితే కంటికి ఆనినంత మేరా పులికాట్ సరస్సే. ఒడిశాలోని చిలికా తర్వాత దేశంలో ఇంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. ఆవలి గట్టున శ్రీహరికోట. నడుమ ఇరకం దీవి. ఇరకం వాళ్లకు బియ్యం రావాలన్నా, జబ్బు మనిషిని ఆస్పత్రికి తేవాలన్నా, ఎన్నికలప్పుడు ఓటు పెట్టె చేరాలన్నా పడవే దిక్కు.

నేనా పడవ మొదటిసారి ఎక్కినప్పుడు నాకు పదేళ్లుంటాయి. మా పెద్దమ్మతో కలిసి దీవిలో ఒక పెళ్లికి బయల్దేరాం. పడవ నడిపే పెద్దాయన్ని అందరూ తాతా అనేవాళ్లు. ఆయన టికెట్టు కంటే ముందు మనిషిని చూసేవాడు. సన్నగా ఉన్నవాళ్లను ముందుకి పంపేవాడు, ఒళ్లు ఉన్నవాళ్లను నడిమికి పిలిచేవాడు, బియ్యం మూటల్ని ఎక్కడ పెట్టాలో వేలితో చూపేవాడు. చేతిలో పొడవాటి గెడ. దాన్ని నీళ్లలోకి దించి, పైకి లాగి, చివర అంటుకున్న బురదను రెండు వేళ్ల మధ్య నలిపి చూసేవాడు. అడుగున ఇసుకుందా, అడుసుందా, కాలు పెడితే దిగబడుతుందా అన్నది ఆయనకు ఆ వేళ్లే చెప్పేవి.

ఆ రోజు మేము రేవుకు చేరేసరికి గాలి లేచింది. తాత పడవ విప్పనన్నాడు. పెళ్లికి పొద్దుపోతోందని పెద్దమ్మ బతిమాలింది, కోప్పడింది, చివరికి రెట్టింపు కూలి ఇస్తానంది. ఆయన గట్టు మీద కూర్చుని వల సర్దుకుంటూ, "గాలి తగ్గాక పోదాంలే అమ్మా" అన్నాడు. అంతే. సాయంత్రానికి గాలి తగ్గింది, మేము పోయాం. పెళ్లి అయిపోయింది, భోజనాలు మాత్రం మిగిలున్నాయి.

ఆ తాతకు ఏ లైసెన్సూ లేదు. ఆయనకు నేర్పింది వాళ్ల నాన్న. పరీక్ష పెట్టింది సరస్సు. తీర్పు చెప్పింది ఇరకం జనం, ఎందుకంటే రేపు మళ్లీ అదే పడవ ఎక్కాల్సింది వాళ్లే. చెడ్డ పడవవాడి పడవ వాళ్లు ఎక్కరు. ఏ పుస్తకంలోనూ రాయకపోయినా అది ఒక పద్ధతి, చాలా కాలం నిలబడిన పద్ధతి.

చాలా ఏళ్ల తర్వాత, ఒక సంక్రాంతి సెలవుల్లో, మా చెల్లెలి పిల్లలను తీసుకుని మళ్లీ ఈ సరస్సు మీదికి వెళ్లాను. ఈసారి ఎక్కింది మోటారు పడవ, షికారు పడవ. నడిపే కుర్రాడికి ఇరవై ఏళ్లుంటాయేమో. ఎంతమంది ఎక్కారో ఎవరూ లెక్కపెట్టలేదు. లైఫ్ జాకెట్లు ఉన్నాయి, సీటు కింద, ఒక తాడుతో కట్టగట్టి ఉన్నాయి. కొంత దూరం పోయాక నీళ్ల మీద గులాబి రంగు గీతలాగా ఫ్లెమింగోలు కనబడ్డాయి. అందరూ ఫోన్లు పట్టుకుని ఒకే పక్కకు లేచారు. పడవ ఒరిగింది. ఆ కుర్రాడు కూర్చోండి కూర్చోండి అని అరుస్తూనే ఉన్నాడు, ఇంజను మోతలో ఎవరికీ వినబడలేదు. అంతలో ఇంజను ఆగింది. పంకాకు వల చుట్టుకుంది. అతను కత్తి పట్టుకుని నీళ్లలోకి దూకాడు, వల కోశాడు, పైకొచ్చాడు. మాకేమీ కాలేదు.

గట్టు ఎక్కాక అతన్ని అడిగాను, ఎక్కడ నేర్చుకున్నావు నాయనా అని. వాళ్ల బావ పక్కన పది రోజులు కూర్చున్నాడట. పదకొండో రోజు బావకు జ్వరం వచ్చింది, చుక్కాని ఇతని చేతికొచ్చింది. ఆ కుర్రాడిలో నాకు లోపమేమీ కనబడలేదు. వల కోసిన తీరు చూస్తే నీళ్లలో పుట్టినవాడని తెలుస్తుంది. కానీ పాతిక మంది కొత్త జనాన్ని పడవలో ఎలా కూర్చోబెట్టాలో, ఎలా ఆపాలో అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పారో లేదో అడిగినవాళ్లూ లేరు. ఇరకం జనంలా ఆ పడవను రోజూ ఎక్కేవాళ్లెవరూ అందులో లేరు. మేమంతా ఒక్క పూట ఎక్కి దిగిపోయేవాళ్లం. తాతకు తీర్పు చెప్పిన జనం ఈ పడవకు లేరన్నమాట. షికారు పడవకు ప్రభుత్వం తరఫున పరీక్ష కావాలని నేననడానికి మొదటి కారణం ఇదే.

ఇక జరిగినవి చెప్పాలి. 2011 డిసెంబరు 25, క్రిస్మస్ రోజు. ఇదే సరస్సుకు దక్షిణ కొసన, తమిళనాడు వైపు పళవేర్కాడు దగ్గర, విహారానికి వచ్చినవాళ్ల పడవ బోల్తా పడింది. 22 మంది చనిపోయారు. 2017 నవంబరు 12, కార్తీక ఆదివారం. విజయవాడ దగ్గర పవిత్ర సంగమం వద్ద, అనుమతి లేని ఒక ప్రైవేటు పడవ తిరగబడి ఇరవై మందికి పైగా పోయారు. వాళ్లలో ఎక్కువమంది ఒంగోలు వాళ్లు. 2019 సెప్టెంబరు 15. గోదావరి మంచి వరద మీద ఉండగా పాపికొండల షికారుకు వెళ్లిన రాయల్ వశిష్ఠ కచ్చులూరు దగ్గర మునిగింది. ఎక్కింది 77 మంది, బతికి బయటపడింది 26 మంది. వాళ్లను గట్టుకు చేర్చింది పక్క ఊళ్లవాళ్లు, తమ చిన్న పడవల మీద వచ్చి. నెల దాటాక అక్టోబరు 22న ఆ పడవను నది అడుగు నుంచి పైకి లాగింది కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం. తాళ్లు, లంగర్లు, నీటి మీద ఏళ్ల తరబడి సంపాదించిన అనుభవం, ఇవే వాళ్ల సామాను.

కచ్చులూరు తర్వాత ప్రభుత్వం కదిలింది. పర్యాటక పడవల మీద నిఘాకు 2020లో తొమ్మిది కంట్రోల్ రూములు తెరిచింది. రాజమహేంద్రవరం, గండిపోచమ్మ, రుషికొండ, నాగార్జున సాగర్, శ్రీశైలం, ఇలా. మంచి పని. ఆ తొమ్మిదిలో పులికాట్ లేదు.

సరే, చట్టం ఏమంటోంది? నదులూ కాలవలూ సరస్సుల మీద తిరిగే మరపడవలకు మన దేశంలో చట్టం 1917 నుంచీ ఉంది. ఆ పాత చట్టంలోనే పడవ నడిపే సరంగుకు పరీక్ష ఉంది, ఇంజను డ్రైవరుకు పరీక్ష ఉంది. దాని స్థానంలో 2021లో పార్లమెంటు కొత్త అంతర్గత నౌకల చట్టం చేసింది. పడవ నమోదు, తనిఖీ, నడిపేవాళ్ల శిక్షణ, పరీక్ష, యోగ్యతా పత్రం, అన్నీ అందులో ఉన్నాయి. ప్రమాణాలు కేంద్రం చెబుతుంది, అమలు రాష్ట్రం చేస్తుంది. మనబోటి సరిహద్దు ఊళ్లకు అక్కరకొచ్చే మాట ఒకటి ఆ చట్టంలో ఉంది. ఒక రాష్ట్రం ఇచ్చిన పత్రం ఇంకో రాష్ట్రంలోనూ చెల్లుతుంది. పులికాట్‌లో కొంత ఆంధ్ర, కొంత తమిళనాడు. గాలికీ పడవకూ ఆ గీత తెలియదు. కాబట్టి ఇది చిన్న మాట కాదు.

చట్టం ఉంది కదా, మరి ఇబ్బంది ఎక్కడ? ఈ ఒక్క సరస్సు మీద ఎన్ని కార్యాలయాల నీడ పడుతుందో చూడండి. పక్షుల అభయారణ్యం కాబట్టి అటవీ శాఖ. చేపల వేట ఉంది కాబట్టి మత్స్య శాఖ. షికారు పడవలున్నాయి కాబట్టి పర్యాటక శాఖ. పడవ యోగ్యత చూడాలి కాబట్టి దానికో అధికారి. సరస్సు గుండా పోయే బకింగ్‌హాం కాలవ నాలుగో నంబరు జాతీయ జలమార్గంలో భాగం కాబట్టి కేంద్ర సంస్థ. రేవు ఊళ్లో ఉంది కాబట్టి పంచాయతీ, పోలీసు. ఇంతమంది ఉన్నారు కాబట్టి ప్రతివాళ్లూ ఇంకొకరు చూసుకుంటారనుకుంటారు. పడవ మునిగిన రోజున అందరూ వస్తారు. మునగక ముందు రావాల్సిన ఆ ఒక్కరు ఎవరు?

నా మాట ఇది. నేర్పేవాళ్లు వేరు, పరీక్ష పెట్టేవాళ్లు వేరు, లైసెన్సు ఇచ్చేవాళ్లు వేరుగా ఉండాలి. టికెట్టు డబ్బు ముట్టేవాళ్ల చేతిలో ఈ మూడింటిలో ఏదీ ఉండకూడదు.

ఇది ఎక్కడో పరాయి దేశం నుంచి తెచ్చిన ఆలోచన కాదు. తడ నుంచి రెండు గంటలు ప్రయాణిస్తే చెన్నై. అక్కడ సిఫ్‌నెట్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది, సముద్రంలో చేపలు పట్టే పెద్ద పడవలకు నావికుల్నీ ఇంజను డ్రైవర్లనూ తయారుచేస్తుంది. కానీ ఆ పిల్లలకు యోగ్యతా పరీక్ష పెట్టేది సిఫ్‌నెట్ కాదు, నౌకాయాన శాఖ కింద పనిచేసే మర్కంటైల్ మెరైన్ డిపార్ట్‌మెంట్. నేర్పిన గురువు తన శిష్యుడికి తానే పత్రం రాసివ్వడు. చేపలు తెచ్చే పడవకు ఇంత జాగ్రత్త పడ్డాం. పిల్లల్ని తీసుకుపోయే పడవకు పడలేమా?

ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే రేవులో నిలబడి ఎదురుగా చూడండి, శ్రీహరికోట. అక్కడ రాకెట్టు తయారుచేసినవాళ్లు అంతా సిద్ధం అనుకున్నంత మాత్రాన రాకెట్టు లేవదు. సంసిద్ధత సమీక్ష జరుగుతుంది. ఆ పైన లాంచ్ ఆథరైజేషన్ బోర్డు కూర్చుని, సరే అంటేనే కౌంట్‌డౌన్. ఈ గట్టున నడిచే పడవకూ ఆ గట్టున లేచే రాకెట్టుకూ పోలికా అని మీకు అనిపించవచ్చు. ప్రాణం లెక్కన చూస్తే పోలికే. పైగా ఆ రాకెట్టులో మనుషులు ఉండరు.

ఇప్పుడు నేర్పడం సంగతి. గోవాలో జాతీయ జలక్రీడల సంస్థ ఉంది, మరపడవ నడపడం, నీళ్లలో పడ్డవాళ్లను కాపాడడం నేర్పుతారు. పాట్నాలో అంతర్గత జలరవాణా శిక్షణ సంస్థ ఉంది. కాకినాడలో రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థ ఉంది. మంచివే, అన్నీ. కానీ భీములవారిపాళెం కుర్రాడు రోజు కూలి వదులుకుని, అంత దూరం పోయి నెల రోజులు ఉండగలడా? ఉండలేడు. గురువులే ఇక్కడికి రావాలి. వచ్చినప్పుడు వాళ్ల పక్కన ఈ సరస్సు ముసలివాళ్లను కూర్చోబెట్టాలి, పట్టపోళ్లలో, యానాదుల్లో ఇంకా గెడ పట్టగలిగినవాళ్లను. వాళ్లకు గౌరవ వేతనం ఇచ్చి, గురువులనే పిలవాలి. ఇంజను, లైఫ్ జాకెట్టు, ప్రథమ చికిత్స కాకినాడ మాస్టారు చెబుతారు. పులికాట్ సంగతి ముసలాయన చెబుతాడు. ఈ సరస్సు చాలాచోట్ల నడుము లోతు కూడా ఉండదు. అలాంటి చోట మునగడం కంటే అడుసులో కూరుకుపోవడమే ప్రమాదం. కాలవ తవ్విన చోట మాత్రం ఒక్కసారిగా లోతు. మాపటి గాలికి అలలు ఎటు లేస్తాయో, వలలు ఎక్కడ కట్టి ఉంటాయో, ముఖద్వారం దగ్గర ఆటుపోట్ల వేళ నీళ్లు ఎలా గుంజుతాయో గోవాలో ఎవరు చెబుతారు?

ఒక కాలంలో ఈ నీళ్ల మీద నిత్యం బరువు పడవలు నడిచేవి. శ్రీహరికోట అడవి కట్టెలు బకింగ్‌హాం కాలవ మీదుగా మద్రాసు పొయ్యిల్లోకి పోయేవి. 1806లో మద్రాసు దగ్గర మొదలై, 1876 నాటి కరువులో పని లేని జనానికి కూలి ఇచ్చి పొడిగించిన కాలవ అది. ఆ పడవలవాళ్ల మనవలే ఇప్పటి మోటారు పడవల కుర్రాళ్లు. చదువు వాళ్ల ఇంట్లోనే ఉంది. దాన్ని పరీక్షలో లెక్కలోకి తీసుకోవడమే మిగిలింది.

పరీక్ష గురించి నాకు కొంచెం పట్టుదల ఉంది. అది కాగితం మీద జరగకూడదు. కెనడాలో 2009 నుంచి షికారు మరపడవ నడిపే ప్రతివాళ్ల దగ్గరా యోగ్యతకు రుజువు ఉండాలి. ప్రశ్నలకు జవాబులు గుర్తిస్తే చాలు, యోగ్యతా కార్డు వస్తుంది, జన్మంతా చెల్లుతుంది. అమెరికాలో టెక్సస్ రాష్ట్రం 1993 సెప్టెంబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు 15 హార్స్‌పవర్ దాటిన పడవ నడపాలంటే పడవ చదువు సర్టిఫికెట్టు తప్పదంటుంది. సొంతానికి షికారు చేసేవాళ్లకు ఆ కాగితం పరీక్ష సరిపోతుందేమో. డబ్బు తీసుకుని పదిమందిని ఎక్కించుకునేవాళ్లకు అక్కడ కూడా అది చాలదు, వేరే లైసెన్సు కావాలి. ఈ తేడా మనం పట్టుకోవాలి. మన రేవుల్లో ఉన్నవన్నీ ఈ రెండో రకమే. సొంత పడవ మీద సరదాగా తిరిగేవాళ్లు తడలో ఎంతమంది?

కాబట్టి పరీక్ష నీళ్ల మీదే జరగాలి. తెలుగులో, కావాలన్నవాళ్లకు తమిళంలో, నోటితో అడగాలి. పరీక్షాధికారి ఈ జిల్లావాడు కాకపోతే మరీ మంచిది. పడవలో పరీక్ష కోసమే పదిహేను మందిని ఎక్కించి, నడుమ సరస్సులో వాళ్లందరినీ ఒక పక్కకు లేవమనాలి. అప్పుడు కుర్రాడు ఏం చేస్తాడో చూడాలి. ఇంజను ఆపేయాలి, గెడతో గట్టుకు తెమ్మనాలి. ఒక బొమ్మను నీళ్లలో పారేసి, మనిషి పడ్డాడు అని కేకేయాలి. పక్షులకు ఎంత దూరంలో ఇంజను తగ్గిస్తాడో కూడా చూడాలి, అవి బెదిరి లేచిపోతే ఈ షికారు కోసం ఇక్కడికి ఎవరొస్తారు? చివరగా, గాలి లేచిన పూట ఒక ఆసామి రెట్టింపు డబ్బిస్తానంటే ఏం చెబుతావు అని అడగాలి. ఆ జవాబుకు మిగతా అన్నిటికంటే ఎక్కువ మార్కులు వేయమంటాను.

పాసైతే ఇచ్చే లైసెన్సులో ఎక్కడి నుంచి ఎక్కడి దాకా అన్నది రాసి ఉండాలి. సరస్సులో నడిపేవాడు ముఖద్వారం దాటకూడదు, దాటాలంటే వేరే పరీక్ష. ఎంతమందిని ఎక్కించవచ్చో పడవ పక్కన పెద్ద అక్షరాల్లో రాయాలి. లైసెన్సు ఒకే కార్యాలయం ఇవ్వాలి, అది ఇక్కడికి దగ్గరలో, సూళ్లూరుపేటలో ఉండాలి. రద్దు చేసే అధికారం కూడా ఆ కార్యాలయానిదే. ఒకరు ఇస్తే ఇంకొకరు రద్దు చేసే పద్ధతిలో పట్టుకునేవాళ్లు ఉండరు.

ఒక భయం ఉంది, దాన్ని దాచను. లైసెన్సు అనగానే రుసుము, రుసుము అనగానే చేతి తడుపు, చివరికి పేదవాడి పడవ గట్టెక్కి, డబ్బున్నవాడి పడవ నీళ్లలో మిగలడం. ఈ భయం ఉత్తది కాదు. అందుకే ఇరకానికి రోజూ మనుషుల్ని చేర్చే చిన్న పడవలనూ, యానాదుల తెడ్డు పడవలనూ షికారు పడవల లెక్కలో కలపకూడదు. యంత్రం లేని పడవల నమోదు పనిని రాష్ట్రం స్థానిక సంస్థలకు అప్పగించే వీలు కొత్త చట్టంలోనే ఉంది. పంచాయతీ పుస్తకంలో పేరు రాసుకుని, ఉచితంగా ఒక లైఫ్ జాకెట్ల మూట ఇస్తే అక్కడికి చాలు. కఠినమైన పరీక్ష, రుసుము, తనిఖీ, అన్నీ విహారానికి టికెట్టు అమ్మే మరపడవకే. చేపల పడవను తెచ్చి, పైన అరలు కట్టి, రంగులు వేసి షికారు పడవ అనేవాళ్ల విషయంలో అయితే కనికరం అక్కర్లేదు. 2023 మే 7న కేరళలోని తానూరులో 22 మందిని ముంచింది అలా మార్చిన పడవే.

2025 జనవరిలో, కొన్నేళ్ల విరామం తర్వాత, సూళ్లూరుపేటలో ఫ్లెమింగో పండుగ మళ్లీ జరిగింది. భీములవారిపాళెంలో షికారు పడవలు కూడా పండుగలో భాగమే. రానున్న ఏళ్లలో జనం ఇంకా పెరుగుతారు. పెరగాలి కూడా, ఇక్కడి కుర్రాళ్లకు అది బతుకుతెరువు. వాళ్ల చేతికి చుక్కానితో పాటు పరీక్ష పాసైన కాగితం కూడా ఇవ్వమని మన ప్రజాప్రతినిధుల్ని అడుగుదాం. పదో కంట్రోల్ రూము ఇక్కడ తెరవమని అడుగుదాం.

ఈలోగా మీరు పిల్లలతో రేవుకు వెళితే, పడవ విప్పక ముందే మూడు పనులు చేయండి. సరంగును లైసెన్సు చూపమనండి. ఎక్కిన తలల్ని లెక్కపెట్టి, పడవ మీద రాసిన అంకెతో సరిచూడండి. లైఫ్ జాకెట్టు కట్టుకోకుండా కూర్చోకండి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా దిగిపోండి. ఫ్లెమింగోలు గట్టు మీద నుంచి కూడా కనబడతాయి.